మోచీల వేటలో మా అమ్మ: బే ఏరియా జిగురు బియ్యం స్వీట్లకి మా ఇంటి మార్కులు

అసలు ఇది రివ్యూ రాద్దామని మొదలెట్టిన పని కాదు. మా అమ్మ భీమవరం నుంచి ఆర్నెల్లకని వచ్చింది, వచ్చిన రెండో వారానికే "ఏవే, ఈ ఊళ్ళో స్వీటంటే కేకేనా, ఇంకేం దొరకవా" అని మొదలెట్టింది. మేముండే కాలిఫోర్నియా సన్నీవేల్‌లో ఇండియన్ స్వీటు షాపులకేం కొదవ లేదు, తీసుకెళ్తే "ఇవి మనూళ్ళోనూ ఉన్నాయిగా, రోజంతా విమానాల్లో కూర్చుని వచ్చింది కాజూ కత్లీ తినడానికా" అంది. పోనీ బేకరీకి వెళ్దామంటే గుడ్డు ముట్టదు. ఇంక నాకు మిగిలింది బియ్యప్పిండి ఒకటే.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో ఒకావిడ శాన్‌హోసే జపాన్‌టౌన్ నుంచి చిన్న అట్టపెట్టె తెచ్చి అందరికీ పంచింది. నాకొచ్చింది మోచీ, అంటే జపాన్ వాళ్ళ జిగురు బియ్యం స్వీటు, తెల్లగా గుండ్రంగా ఉంది, పైన పిండి చల్లి ఉంది, చూడ్డానికి అచ్చం చవితినాటి ఉండ్రాయే. సగం తిని మిగతా సగం టిష్యూలో చుట్టి ఇంటికి తెచ్చా. అమ్మ దాన్ని వేలితో నొక్కి చూసి "చెవి తమ్మెలా ఉందేవిటే" అంది, మేం పగలబడి నవ్వాం, తర్వాత తెలిసిందేంటంటే జపాన్ వాళ్ళు కూడా ఈ పిండి ఎంత మెత్తగా కలపాలీ అంటే చెవి తమ్మంత మెత్తగా అనే చెప్తారట. ఆ సగం ముక్క నోట్లో వేసుకుని రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు (మాట్లాడ్డం కుదరదు కూడా), తర్వాత "లోపల పూర్ణం బావుంది, తీపి సరిపోయింది, ఎక్కడివి ఇవి" అంది. అంతే, ఆ శనివారం నుంచి ఆరు వారాంతాలు మా కారు ఇదే పని మీద తిరిగింది.

ముందు ఒక డౌటు తీర్చేస్తా, ఎందుకంటే మా ఫ్రెండ్స్‌లో సగం మంది ఇదే అడిగారు. మోచీ చేసే జిగురు బియ్యాన్ని ఇంగ్లీషులో గ్లూటినస్ రైస్ అంటారు కదా, మరి గ్లూటెన్ పడనివాళ్ళు తినొచ్చా అని. ఇందులో గ్లూటెన్ ఏమీ లేదండి, ఆ పేరు జిగురుకి పెట్టింది. బియ్యంలో ఉండే పిండిపదార్థం రెండు రకాలు, అమైలోజ్, అమైలోపెక్టిన్. మన సోనామసూరిలో రెండూ ఉంటాయి కాబట్టి అన్నం మెతుకు మెతుకుగా వస్తుంది. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు, అంతా రెండోదే, అందుకే ఉడికితే బంకలా సాగుతుంది. పచ్చి గింజ చూసినా తేడా తెలిసిపోతుంది, మన బియ్యం కాస్త అద్దంలా ఉంటాయి, ఇవి సుద్దముక్కల్లా తెల్లగా ఉంటాయి. అయితే మోచీ డోనట్ లాంటి వాటిల్లో గోధుమపిండి కూడా కలుపుతారు కాబట్టి గ్లూటెన్ పడనివాళ్ళు అక్కడ మాత్రం అడిగి తినండి.

ఇంక మా వేట. మొదటి వారమే దెబ్బ తిన్నాం. ఇన్‌స్టాలో తెగ తిరుగుతున్న ఒక డెజర్ట్ కేఫ్, పేరెందుకులెండి, గోడ మీద గులాబీ రంగు నియాన్ లైటు, వరసలో ఇరవై నిమిషాలు నిలబడితే ఒక్కో దైఫుకు నాలుగున్నర డాలర్లు. దైఫుకు అంటే లోపల ఏదో ఒక ముద్ద పెట్టి చుట్టిన మోచీ. స్ట్రాబెర్రీది ఒకటి, మాచాది (జపాన్ గ్రీన్ టీ పొడి) ఒకటి, మామిడిది ఒకటి తీసుకున్నాం. ఫొటోకి దేవకన్యల్లా ఉన్నాయి, కొరికితే పైన తోలు గట్టిపడిపోయి రెండ్రోజుల నాటి ఇడ్లీ చెక్కులా ఉంది. కారణం సింపుల్, ఫ్రిజ్‌లో పెట్టారు. బియ్యప్పిండి ఏదైనా చల్లబడితే లోపల పిండి మళ్ళీ బిగుసుకుంటుంది, మన చద్దన్నం ఫ్రిజ్‌లో పెడితే గింజ గట్టిపడేది కూడా అందుకే. జిగురు బియ్యం కాస్త నిదానంగా బిగుసుకుంటుంది కానీ బిగుసుకోకుండా ఉండదు. పంచదార ఎక్కువ వేస్తే ఇంకొంచెం ఆగుతుంది, పాకం పట్టిన అరిసె వారమైనా మెత్తగా ఉంటే ఉప్పు కుడుము సాయంత్రానికే రాయవుతుంది చూడండి, అలా. వాళ్ళు లోపల క్రీము పెట్టారు కాబట్టి ఫ్రిజ్ తప్పదు, ఫ్రిజ్ పెడితే తోలు పాడవక తప్పదు, మరి ఆ స్వీటు ఎలా బావుంటుంది చెప్పండి. కౌంటర్లో అబ్బాయిని ఇవి ఎప్పుడు చేశారు అని అడిగితే "ఫ్రెష్" అన్నాడు. ఎప్పుడో చెప్పలా. అమ్మ మార్కు పదికి రెండు, ఆ రెండూ డబ్బాకి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే రూలు, షాపు అద్దాల వెనక ఫ్రిజ్ కనపడితే వెనక్కి తిరగడమే.

రెండో వారం శాన్‌హోసే జపాన్‌టౌన్ వెళ్ళాం. అమెరికాలో ఒకప్పుడు చాలా ఊళ్ళలో జపాన్‌టౌన్లు ఉండేవి, ఇప్పుడు మిగిలినవి మూడే, శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, ఇది. 1942లో యుద్ధం టైములో వెస్ట్ కోస్ట్ జపనీస్ కుటుంబాలన్నిట్నీ ఇళ్ళూ షాపులూ వదిలేయించి క్యాంపుల్లో పెట్టారు, తిరిగొచ్చి మళ్ళీ మొదట్నుంచి కట్టుకున్న వీధులివి. అక్కడ జాక్సన్ స్ట్రీట్‌లో షుయే-డో మాంజు షాప్ అని 1953 నుంచి ఉంది. షాపంటే ఏదో ఊహించుకోకండి, మనూళ్ళో బస్టాండ్ పక్కన పాత మిఠాయి కొట్టు ఎంతుంటుందో అంత. నియాన్ లైట్లు లేవు, కూర్చోడానికి కుర్చీ లేదు, ముందు కౌంటరు, వెనక చేసే గది, ఏవి ఉంటే అవి, అయిపోతే అయిపోయినట్టే.

మాంజు, మోచీ ఒకటే అనుకునేదాన్ని నేను, కాదు. మోచీకి పైతోలు జిగురు బియ్యం, మాంజుకి పైతోలు మామూలుగా గోధుమపిండి, ఆవిరి మీద ఉడకబెట్టో ఓవెన్లో పెట్టో చేస్తారు. లోపల రెండిట్లోనూ ఆన్కో, అంటే అజుకీ అని ఎర్ర చిన్న గింజలు ఉడకబెట్టి పంచదార వేసి దగ్గరపడే దాకా తిప్పిన ముద్ద. తొక్కతో ఉంటే త్సుబుఆన్, తొక్క తీసి వడకట్టి నున్నగా చేస్తే కోషిఆన్. తెల్ల ముద్ద కూడా ఉంటుంది, అది వేరే తెల్ల చిక్కుడు గింజలతో చేస్తారు. ఇదంతా విని అమ్మ "అంటే పూర్ణమేగా, దీనికింత కథేంటి" అంది. నిజమే, పూర్ణమే. శనగపప్పు బదులు ఎర్ర గింజలు, బెల్లం బదులు పంచదార, యాలకులు లేవు, నెయ్యి లేదు. యాలకులు లేకపోవడం మొదట మనకి వెలితిగా ఉంటుంది, నాలుగోది తినేసరికి అలవాటవుతుంది. (నాలుగు తిన్నామా అని అడక్కండి.)

తోలు గురించి మాత్రం కాసేపు మాట్లాడాలి. వేలు పెడితే గుంట పడి నిదానంగా పైకొస్తుంది. కొరికితే సాగుతుంది కానీ పంటికి అంటుకుని వేలాడదు, ఒక దగ్గర తెగిపోతుంది, తెగిన దగ్గర అంచు సన్నగా మెరుస్తుంది. పిండి వాసన లేదు, పచ్చి రుచి లేదు, అన్నం దించినప్పుడు మొదటి ఆవిరికి ఒక వాసన వస్తుంది చూడండి, అది లీలగా తగులుతుంది. ఆత్రేయపురం పూతరేకు రేకు అంత పల్చన ఎలా వస్తుందో చూసినవాళ్ళకి బియ్యం ఎన్ని వేషాలేస్తుందో తెలుసు, ఇది ఇంకో వేషం. అమ్మకి తొమ్మిది వచ్చింది. పదో మార్కు యాలకులకి ఆపింది.

ఇంటికొచ్చాక మోచీ దంచే వీడియో పెట్టి చూపించా. జపాన్‌లో కొత్త సంవత్సరానికి ముందు ఇంటిల్లిపాదీ కలిసి చేస్తారు, మోచిత్సుకి అంటారు. జిగురు బియ్యం రాత్రంతా నానబెట్టి ఆవిరి మీద ఉడికించి, పెద్ద చెక్క రోట్లో పోసి, చెక్క సుత్తి లాంటి రోకలితో ఒకళ్ళు దంచుతుంటే, రెండో వాళ్ళు దెబ్బకీ దెబ్బకీ మధ్య చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతారు, చెయ్యి తడుపుకుంటూ. అమ్మ సోఫాలో ముందుకొచ్చి కూర్చుంది. "మా అమ్మా మా పెద్దమ్మా అటుకులు ఇలాగే దంచేవాళ్ళే, ఒకళ్ళు దంచితే ఒకళ్ళు ఎగదోసేవాళ్ళు, ఒక్కసారి లెక్క తప్పితే వేళ్ళు పోయేవి" అంది. అదే వీడియో నాలుగు సార్లు చూసింది, నాలుగోసారి ఆ తిప్పేవాడికి సలహాలు కూడా ఇచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్దవాళ్ళకి పెడితే చిన్న ముక్కలు చేసి పెట్టండి, పక్కన మంచినీళ్ళు ఉంచండి. జపాన్‌లో ప్రతి కొత్త సంవత్సరానికీ మోచీ గొంతుకి అడ్డం పడి పెద్దవాళ్ళు ఆస్పత్రి పాలవుతారు, చనిపోయినవాళ్ళూ ఉన్నారు, టోక్యో ఫైర్ డిపార్ట్‌మెంట్ ఏటా హెచ్చరిస్తుంది. మా అమ్మకి పై వరస కట్టుడు పళ్ళు, రెండో వారం కారులోనే ఒక మోచీ సెట్టుని పట్టుకుని వదల్లేదు, ఆ సీను ఇక్కడ రాయనని మాటిచ్చా కాబట్టి రాయట్లేదు.

మూడో వారం ఒక జపనీస్ సూపర్‌మార్కెట్లో పచ్చగా ఉన్న మోచీ కనపడింది, పైన సన్నగా ఆకు పీచు. మాచా అనుకుని తెచ్చా. కాదు, యొమోగి అనే ఆకు కలిపింది. అమ్మ డబ్బా మూత తియ్యగానే ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది మాచిపత్రి కదే" అంది. నేను నమ్మలా, వెతికి చూస్తే ఆవిడే రైటు, రెండూ ఒకే కుటుంబం, ఆర్టెమీసియా. మనం వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రిలో మొట్టమొదట "మాచీపత్రం పూజయామి" అని దేవుడి మీద వేసే ఆకు అక్కచెల్లెల్ని వాళ్ళు ఉడకబెట్టి నూరి స్వీట్లో కలుపుకుని తింటున్నారు. కాస్త చేదు, కాస్త ఘాటు, లోపల తీపి ముద్దతో కలిస్తే భలే ఉంటుంది. మా ఆయనది వరంగల్, ఒక ముక్క తిని "గిది పూజ సామాను వాసనొస్తుంది, నాకొద్దు" అని పక్కన పెట్టేశాడు. అమ్మ మాత్రం కళ్ళకద్దుకుని తింది. పేకెట్ సరుకు కాబట్టి తోలు షుయే-డో దాని కాలిగోటికి సరిపోదు, రుచికి మాత్రం ఎనిమిది ఇచ్చింది.

మోచీ ఐస్‌క్రీం గురించి అందరూ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. మనవాళ్ళలో చాలామందికి మోచీ అంటే ఇదే, కాస్ట్‌కోలో డబ్బా కొని ఫ్రీజర్లో పడేస్తారు. జపాన్‌లో లొట్టె కంపెనీ 1981లో యుకిమి దైఫుకు అని ఇలాంటిది తెచ్చింది, అమెరికాలో దీన్ని జనానికి అలవాటు చేసింది లాస్ ఏంజెలెస్ లిటిల్ టోక్యోలోని మికవాయా అనే పాత స్వీటు షాపు, ఫ్రాన్సెస్ హషిమొటో అనే ఆవిడ నడిపేవారు, 1990ల్లో. పిల్లలకి బావుంటుంది. బయట పెట్టి ఐదు నిమిషాలాగి తింటే తోలు మెత్తబడుతుంది, ఆత్రపడితే రబ్బరే. అంతకన్నా చెప్పడానికేం లేదు.

ఇంక అసలు సంగతికొస్తా. నాకు తెలిసి మన తెలుగువాళ్ళు ఈ స్వీట్లు మొదలెట్టాల్సింది జపాన్ దగ్గర కాదు, వియత్నాం దగ్గర. శాన్‌హోసేలో వియత్నాం వాళ్ళు లక్ష దాటి ఉంటారు, స్టోరీ రోడ్ వైపు వెళ్తే బోర్డులన్నీ వాళ్ళ భాషలోనే. అక్కడ మాల్‌లో ఒక డెలీ (వండిన తిండి అమ్మే కొట్టు), పేరు బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయాయి, లోపల స్టీలు పళ్ళాల్లో నువ్వులు అద్దిన గుండ్రటి బంతులు, ఇంకా వేడిగా. బాన్ కామ్ అంటారు, కామ్ అంటే నారింజ, చూడ్డానికి నారింజకాయలా ఉంటుందని. ఉత్తరాదిలో బాన్ రాన్ అంటారు. జిగురు బియ్యప్పిండి తోలు, లోపల పొట్టు తీసిన పెసరపప్పు ఉడికించి పంచదార కలిపిన ముద్ద, పైన తెల్లనువ్వులు, నూనెలో వేయించడం. అమ్మకి చెప్పకుండా చేతిలో పెట్టా. కొరికింది. లోపల పసుపు రంగు పప్పు చూసింది. "బూరె!" అని గట్టిగా అరిచింది, షాపులో నలుగురు తిరిగి చూశారు. కౌంటరు వెనక ముసలావిడకి ఏం అర్థమైందో ఏమో నవ్వుతూ ఇంకోటి కాగితంలో పెట్టి ఊరికే ఇచ్చింది.

నిజంగానే పెసరపూర్ణం బూరె అది. తేడా అంతా తోపులో ఉంది. మనం మినప్పప్పూ బియ్యం రుబ్బిన తోపులో ముంచుతాం, వీళ్ళు జిగురు పిండితో చుడతారు, అందుకని పైన కరకర, దాని కింద సాగే పొర, దాని లోపల పప్పు. కొన్నిట్లో వేగేటప్పుడు తోలు ఉబ్బి లోపల ఉండ విడిపోయి చెవి దగ్గర పెట్టి ఊపితే లొడలొడ మంటుంది, అలా మోగితేనే బాగా చేసినట్టట. నేను ఆరు ఊపి చూశా, నాలుగు మోగాయి. మా ఆయన మూడు తిని, "ఇగో ఇది స్వీటంటే" అని కారులో ఇంకో మూడు తిన్నాడు. ధర చెప్తే ఆ నియాన్ కేఫ్ వాళ్ళు సిగ్గుపడాలి, అక్కడ ఒక్క దైఫుకు డబ్బుతో ఇక్కడ నాలుగొచ్చాయి. ఒక లోటు, పదకొండు దాటాక వెళ్తే నూనె చల్లారి తోలు గట్టిపడుతుంది, పొద్దున తొమ్మిదికే వెళ్ళాలి. ఇంకోటి, అదే నూనెలో ఇంకేం వేయిస్తారో అడగండి. మేం అడిగాం, స్వీట్లకి వేరే మూకుడట.

అక్కడే చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో చె త్రోయ్ నువక్ అని ఇంకోటుంది. పేరుకి అర్థం నీళ్ళలో తేలేవి అని. పెసరపప్పు పూర్ణం పెట్టిన పెద్ద పెద్ద జిగురు ఉండ్రాళ్ళు, అల్లం వేసిన పంచదార పాకంలో, పైన కొబ్బరిపాలు, వేయించిన నువ్వులు. వేడిచేసి తినాలి. మన ఉండ్రాళ్ళ పాయసానికి ఎవరో పెళ్ళి చేసి పట్టుచీర కట్టినట్టుంది. అల్లం గొంతులోకి దిగుతుంటే కొబ్బరిపాలు చల్లార్చుతాయి, ఉండ కొరికితే లోపల పప్పు పొడిపొడిగా. ఆరు వారాల్లో పదికి పది వచ్చింది దీనికొక్కదానికే, అది కూడా అమ్మ అడక్కుండా ఇచ్చింది. నేనైతే పాకంలో అల్లం ఇంకాస్త తగ్గిస్తా, కానీ నా మాట ఎవరు వింటారు.

నాలుగో వారం చైనా వాళ్ళ తాంగ్‌యువాన్ దగ్గర ఒక పొరపాటు జరిగింది, ఇది శాకాహారులు జాగ్రత్తగా చదవండి. ఫ్రోజెన్ పేకెట్, నల్లనువ్వుల ముద్ద పెట్టిన ఉండలు, నీళ్ళలో వేసి పైకి తేలాక తినడమే. అమ్మకి చిమ్మిలంటే ప్రాణం, నల్లనువ్వులు అనగానే నేను లేబుల్ చదవకుండా బుట్టలో వేసేశా. ఇంటికొచ్చి నీళ్ళు మరుగుతుండగా వెనక తిప్పి చూస్తే లార్డ్ అని ఉంది, పంది కొవ్వు. ఆ ముద్ద కరిగి జారేలా ఉండడానికి పాతకాలం నుంచీ అదే వేస్తారు. పొయ్యి కట్టేసి, పేకెట్ పక్కింటి వాళ్ళకిచ్చేశా. తర్వాత వెజిటబుల్ ఆయిల్ వేసింది వెతికి తెచ్చా, కొరగ్గానే వేడి నల్ల ముద్ద బయటికి కారుతుంది, నాలుక జాగ్రత్త. బావుంది, ఏడున్నర. కానీ అమ్మ ప్రతి ఉండకీ ముందు "లేబుల్ చూశావుగా" అని అడిగింది.

ఐదో వారం సాంటాక్లారాలో ఎల్ కమినో మీద కొరియా వాళ్ళ తొక్, అంటే బియ్యం స్వీట్ల షాపు. ఇన్‌జల్మీ అని, దంచిన జిగురు అన్నాన్ని ముక్కలు కోసి వేయించిన సోయా పొడిలో దొర్లిస్తారు, లోపల ఏం ఉండదు, తీపి కూడా పైపైనే. మా ఆయనకి నచ్చింది, "పుట్నాల పొడి లెక్కనే ఉంది" అన్నాడు, నిజంగా వాసన అంతే. అమ్మకి నచ్చలా, తీపి లేని దాన్ని స్వీటంటారేంటని ఐదే ఇచ్చింది. నా లెక్కలో ఇది తొమ్మిది, టీతో పాటు దీన్ని మించింది లేదు, ఈ విషయంలో మేం రాజీ పడలేదు. అక్కడే సోంగ్‌ప్యొన్ కూడా ఉంది, కొరియా పంట పండక్కి చేసేది, పైన్ చెట్టు ఆకుల మీద పెట్టి ఆవిరి పడతారు. అది నిజానికి మామూలు బియ్యప్పిండే, జిగురుది కాదు, అర్ధచంద్రంలా మడిచి లోపల నువ్వులూ తేనే. కజ్జికాయ ఆకారం, జిల్లేడుకాయ ఒళ్ళు. అమ్మ దానికి ఎనిమిదిచ్చి సోయా పొడి దాని మీద పగ తీర్చుకుంది.

ఫిలిప్పీన్ బేకరీ మిల్పిటాస్‌లో. బిబింకా అనే బియ్యప్పిండి కేకు అందంగా అరిటాకులో ఉంది కానీ గుడ్డు వేస్తారు, అమ్మకి కుదర్లా. బీకో మాత్రం తిన్నాం, జిగురు బియ్యం కొబ్బరిపాలు నల్లపంచదారతో గట్టిగా ఉడికించి పళ్ళెంలో ఆరబోసి ముక్కలు కోస్తారు, నెయ్యి వెయ్యని చక్కెర పొంగలి అనుకోండి. పలితావ్ కూడా, పల్చటి జిగురు బిళ్ళలు నీళ్ళలో ఉడికించి కొబ్బరి కోరు, పంచదార, నువ్వులు చల్లడం. పలితావ్ తాజాగా ఉంటే అద్భుతం, మేం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాం, కొబ్బరి ఎండిపోయి ఉంది. తప్పు మాదే, మార్కులు వెయ్యట్లేదు.

ఇంక గుడ్డు తినేవాళ్ళకి బటర్ మోచీ. హవాయి నుంచి వచ్చిందిది. మోచికో (జిగురు బియ్యప్పిండి), కొబ్బరిపాలు, వెన్న, గుడ్లు, పంచదార కలిపి ఓవెన్లో పెట్టడమే, అంచులు కరకరలాడతాయి, మధ్యలో బంకబంకగా, నేనూ మా అమ్మాయీ ట్రే ఖాళీ చేశాం. మోచీ డోనట్ అని ఎనిమిది బంతులు గుండ్రంగా అతికించినట్టుంటాయి, జపాన్‌లో మిస్టర్ డోనట్ వాళ్ళు 2003లో తెచ్చిన పోన్ దె రింగ్ ఆకారం అది. మా అమ్మాయికి అవే ఇష్టం. నాకు పైన రంగురంగుల ఐసింగ్ తప్ప ఏం రుచి తెలీలా.

ఇన్ని తిరిగాక అమ్మ ఊరుకుంటుందా, ఇంట్లో చేద్దామంది. నీలం నక్షత్రం బొమ్మ ఉన్న మోచికో డబ్బా తెచ్చా, కోడా ఫార్మ్స్ పేరుతో వచ్చేది, ఇక్కడ కాలిఫోర్నియాలోనే తరతరాలుగా వరి పండించిన కుటుంబం, 1920ల్లో మొదలెట్టిన పొలం. కప్పు పిండి, కప్పు నీళ్ళు, పావు కప్పు పంచదార ఉండలేకుండా కలిపి, మూత పెట్టి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం, తడి గరిటెతో తిప్పి ఇంకో నిమిషం, మళ్ళీ తిప్పి అర నిమిషం. ముద్ద తెల్లదనం పోయి మెరిస్తే అయినట్టు. కార్న్‌ఫ్లోర్ చల్లిన పళ్ళెంలో వేసి, చేతికి కూడా రాసుకుని తుంపాలి, లేకపోతే మీరూ ముద్దా విడిపోరు. అమ్మ లోపల శనగపప్పు పూర్ణం, యాలకులు దట్టించి పెట్టింది. అదిరిపోయాయి. నా స్నేహితులకి పంపిస్తే ఏ షాపు అని అడిగారు.

ఆ ఊపులో అరిసెలు చేస్తానంది. నేను వద్దంటూనే ఉన్నా. పాకం పట్టి మోచికో పిండి పోసి, ప్లాస్టిక్ కాగితం మీద తట్టి నూనెలో వేసింది. అరిసె మునిగింది, తేలింది, తేలి బంతిలా ఉబ్బడం మొదలెట్టింది, అమ్మ ముచ్చటపడి "చూడవే పూరీలా పొంగింది" అంటుండగానే ఠాప్ మని పేలి నూనె స్టవ్ అంతా చిమ్మింది. జిగురు పిండి లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు, మామూలు అరిసె పిండికి ఆ ఇబ్బంది లేదు. అదృష్టం, ఎవరికీ కాల్లేదు. రెండోదాన్ని నూనె ఓడ్చడానికి అరిసెల చెక్కల మధ్య పెట్టి నొక్కితే చెక్కలు రెండూ అతుక్కుపోయాయి, వేడినీళ్ళలో రాత్రంతా నానబెడితే గానీ ఊడిరాలా. చెయ్యకండి.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. జపాన్‌టౌన్ షాపుకి శనివారం పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నానికి ట్రేలు ఖాళీ, ఏ రోజుల్లో మూస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కోండి, కొంచెం నోట్లు కూడా జేబులో పెట్టుకోండి. కొన్నవి ఆ రోజే తినండి, మిగిలితే ఫ్రిజ్‌లో కాదు, విడివిడిగా చుట్టి ఫ్రీజర్లో పెట్టి, తినే ముందు బయట పెట్టుకోండి. వియత్నాం డెలీకి ఆకలితో వెళ్ళండి.

అమ్మ వెళ్ళి మూడు వారాలైంది. సూట్‌కేసులో బాదంపప్పు కోసం ఉంచిన చోట ఆరు మోచికో డబ్బాలు సర్దుకుంది. నిన్న వీడియో కాల్‌లో చూపించింది, మా వీధిలో వాళ్ళందరికీ పంచుతోంది, జపాన్ ఉండ్రాళ్ళు అని చెప్తోందట. పక్కింటి పిన్నిగారు సగం కొరికి "పిండి ఉడకలేదు వదినా" అన్నారట. అమ్మకి ఇంకా కోపం తగ్గలేదు.